రంగు మారే చుక్క

కెమిస్ట్రీ టీచరుకి బ్యూరెట్ అంటే పంచప్రాణాలు. ల్యాబులో ద్రవాన్ని చుక్కలుగా వదిలే గాజుగొట్టం బ్యూరెట్ కాదు, మనిషి బ్యూరెట్. సన్నగా, నిటారుగా, స్టాండుకి బిగించినట్టు ఎప్పుడూ ల్యాబు మధ్య బల్ల దగ్గరే నిలబడి ఉంటాడని తోటి పిల్లలు వాడికా పేరు పెట్టారు. వాడు నొచ్చుకోలేదు సరికదా, ఇంకాస్త నిటారుగా నిలబడటం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో మర తిప్పుతూ, కుడిచేత్తో కింద ఫ్లాస్కుని గుండ్రంగా ఆడిస్తూ, రంగు మారబోతోందనగా ధారని చుక్కలకి దించి, ఒక్క చుక్క దగ్గర టక్కున ఆపేస్తాడు. అప్పటిదాకా నీళ్లలా ఉన్న ఆమ్లం లేత గులాబీకి తిరిగి అక్కడే నిలిచిపోతుంది. తను చదువుకునే రోజుల్లో కూడా అంత బాగా చెయ్యలేదని టీచరు స్టాఫ్‌రూములో నలుగురి ముందూ చెప్పుకుంటూ ఉంటుంది.

వాడి పక్కన రికార్డు ఉంటుంది. ముత్యాల్లాంటి రాత ఆ అమ్మాయిది. బ్యూరెట్ మర కట్టెయ్యగానే మోకాళ్లు వంచి, కళ్లని గీతల ఎత్తుకి తెచ్చి, అంకె చదివి రాస్తుంది. ఆ పిల్ల రాసింది చూసి మిగతావాళ్లు రాసుకుంటారు. వెంటనే రంగు తిరిగిన ఫ్లాస్కు చేతులు మారుతూ మూలనున్న సింకు దగ్గరికి వెళుతుంది. అక్కడ కుళాయి దాన్ని అందుకుని కడుగుతుంది. కుళాయి కూడా మనిషే. పొట్టిగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉండే పిల్ల.

ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని చేసింది కాదు. మొదట్లో గాజుసామాను తెగ పగిలిపోయేది. ఈ పిల్ల కడిగితే పగలలేదు. "గాజు అంటే అలా మెరవాలి, నేర్చుకోండి" అని టీచరు ఒకరోజు తరగతి అందరి ముందూ ఫ్లాస్కుని వెలుతురుకి ఎత్తి చూపించింది. మంచిమనసుతోనే చూపించింది. ఆరోజు నించి ఆ పిల్ల సింకుకి అంకితమైపోయింది. ల్యాబు గడియారంలా నడిచింది. గడియారంలా నడిచేదాన్ని ఎవరు మాత్రం విప్పి చూస్తారు?

సోమవారం మధ్యాహ్నం హెడ్మాస్టరు కబురు పెట్టాడు.

"రామ్మా, కూర్చో. ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకూడదు."

కోపం వచ్చే మాటేనని టీచరుకి అర్థమైపోయింది. ఆయన మంచివాడే. చెడ్డ కబురు చెప్పాల్సొస్తే ముందు బల్ల మీద కాగితాలన్నీ సర్దుతాడు. ఇప్పుడూ అదే పని చేస్తున్నాడు.

"కమిటీవాళ్లు ల్యాబు ఎత్తేద్దామంటున్నారు. పెద్ద తెర పెడతారట. అన్ని ప్రయోగాలూ దాని మీదే చూపించెయ్యొచ్చట. గాజు పగలదు, యాసిడ్ ఒలకదు, పిల్లల తల్లిదండ్రులు వచ్చి మన మీద కేకలెయ్యరు."

"చూడటం వేరు, చెయ్యడం వేరు సార్."

"నాకెందుకు చెప్తావు, నేనేమైనా కాదన్నానా? కమిటీ సెక్రటరీ గారు శుక్రవారం వస్తున్నారు. ఒక ప్రాక్టికల్ క్లాసు కళ్లారా చూసి అప్పుడు చెప్తానన్నారు. ఆయనకి చూపించు. ఆ సన్నటి కుర్రాడున్నాడు కదా, వాడి చేత చేయించు. మిగతా పిల్లలు చుట్టూ బుద్ధిగా నిలబడాలి. అంకె కరెక్టుగా రావాలి. చూడముచ్చటగా ఉండాలి."

"ఉంటుంది సార్," అని టీచరు లేచింది. వరండాలో నడుస్తూ తను అన్న మాట మళ్లీ ఒకసారి మనసులో అనుకుంది. చూడటం వేరు, చెయ్యడం వేరు. బాగా చెప్పాననిపించింది.

మంగళవారం రిహార్సలు. బ్యూరెట్ ఎప్పట్లాగే చేశాడు. రికార్డు ఎప్పట్లాగే రాసింది. సెక్రటరీ గారు ఏమైనా అడిగితే పిల్లలు తెల్లమొహం వెయ్యకూడదని టీచరు తనే సెక్రటరీ అయి, చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తూ ప్రశ్నలు వేసింది. పిల్లలు నవ్వుకుంటూ జవాబులు చెప్పారు. సింకు దాకా వెళ్లి ఆగింది.

"ఏమ్మా, రంగు ఎలా మారుతుంది? ఒక్కసారిగానా, మెల్లమెల్లగానా?"

కుళాయి చేతులు పక్కలకి తుడుచుకుంది.

"తెలీదు మేడమ్."

తరగతంతా గొల్లుమంది. టీచరుకి కూడా నవ్వొచ్చింది.

"రెండేళ్ల నించీ ఈ గదిలోనే ఉన్నావు కదే, తెలీకపోవడమేంటి?"

"నా దగ్గరికొచ్చేసరికి మారిపోయి ఉంటుంది మేడమ్."

ఫిర్యాదులా అనలేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పి, చేతిలో ఉన్న ఫ్లాస్కుని వంచేసి నీళ్ల ధార కింద పెట్టింది. లేత గులాబీ నీళ్లు సింకులోకి జారిపోయాయి. పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. టీచరు నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి "సరేలే, చూద్దువుగాని" అంది. ఎప్పుడు చూస్తుందో, ఎలా చూస్తుందో ఆవిడకే తెలీదు.

సాయంత్రం ఇంట్లో కూతురు చొక్కా గుండీ కుట్టుకుంటోంది. దారం పీటముడి పడింది. పిల్ల నాలుక కొస బయటపెట్టి గోటితో ముడి విప్పుతోంది. సోఫాలో కూర్చుని ల్యాబు సంగతే ఆలోచిస్తున్న టీచరు కాసేపు చూసి, చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు. నువ్వు కుడితే తెల్లారుతుంది."

"ఇచ్చెయ్యమ్మా, ఇచ్చెయ్యి," అన్నాడు భర్త పేపరు వెనకనించి. "మీ అమ్మ ఉండగా మనకి చేతులెందుకు, గాజులకీ వాచీకీ కాకపోతే."

టీచరు కూడా నవ్వింది. నవ్వుతూనే ముడి తెంపి, కొత్త దారం ఎక్కించి, గుండీ కుట్టేసి, పళ్లతో దారం కొరికి చొక్కా కూతురి ఒళ్లో పడేసింది. చక్కగా వచ్చింది గుండీ. పిల్ల అప్పటికే ఫోను చూసుకుంటోంది.

బుధవారం ల్యాబు తలుపు తియ్యగానే టీచరు బీరువాలోంచి పాత బ్యూరెట్లన్నీ దింపించింది. కొన్నింటికి మర బిగుసుకుపోయింది, ఒకదానికి మూతి విరిగింది. పనికొచ్చేవి బల్లల మీద బిగించి, పిల్లలందరికీ రక్షణ కళ్లద్దాలు పంచి చెప్పింది:

"ఇవాళ ఎవరి పని వాళ్లదే. కడుక్కోవడం దగ్గర్నించి అంకె రాయడం దాకా. ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు."

ఆ తర్వాత జరిగింది చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. రెండేళ్లుగా ప్రయోగాలు చేసి మార్కులు తెచ్చుకుంటున్న పిల్లలు ద్రవం కొలిచి తీసే పిపెట్‌కి రబ్బరు బుడ్డి ఏ కొసన పెట్టాలో వెతుక్కున్నారు. ఒకడు బ్యూరెట్ మర తీసి ఉందని చూసుకోకుండా పైనించి క్షారం పోశాడు, అది పోసింది పోసినట్టు కింద ట్రేలోకి దిగిపోయింది. రికార్డు మర మరీ ఎక్కువ తిప్పేసింది. ఫ్లాస్కులో ద్రవం ఒక్క ఉదుటున ముదురు గులాబీ అయి కూర్చుంటే, ఆ పిల్ల దాన్ని నోట్సు వెనక దాచాలని చూసింది.

అందరికంటే చిత్రం బ్యూరెట్‌ది. చుక్క దగ్గర ఆపడం సరిగ్గానే ఆపాడు, కానీ అంకె చాలా పెద్దదొచ్చింది. మళ్లీ చేశాడు. ఇంకో అంకె వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. టీచరు పక్కనే నిలబడి మొదటినించీ చేయించి చూసింది. వాడు ఫ్లాస్కుని నీళ్లతో కడిగి ఊరుకోకుండా, ఇంకా శుభ్రంగా ఉంటుందని, అందులో పొయ్యబోయే ఆమ్లంతోనే మరోసారి తొలిచి వంచేస్తున్నాడు. గోడలకి అంటుకున్న ఆమ్లం లెక్కలో కలిసిపోతోంది. అంకె చదివేటప్పుడు ద్రవం ఒంపుకి మొదట్లో పైఅంచునీ చివర్లో కింది అంచునీ చూస్తున్నాడు.

"ఇదేంట్రా?" అంది టీచరు.

"చదవడం ఎప్పుడూ తనే కదా మేడమ్ చదివేది," అన్నాడు రికార్డు వైపు చూపిస్తూ. "ఫ్లాస్కు కడిగిందే వచ్చేది."

గాజు బ్యూరెట్‌ని ముందు నీళ్లతో, తర్వాత అందులో పొయ్యబోయే ద్రవంతో తొలవాలి. ఫ్లాస్కుకి మాత్రం ఉత్త నీళ్లే. ఎందుకో టీచరు బోర్డు దగ్గరికి వెళ్లి చెప్పింది. ఇంతకుముందూ చెప్పింది ఆ మాట. అప్పుడు పిల్లలు రాసుకున్నారు. ఇప్పుడు తలలెత్తి విన్నారు, ఇద్దరు ముగ్గురు "అయ్యో" అని తమ ఫ్లాస్కుల వైపు చూసుకున్నారు.

ఈ గొడవలో కుళాయి సంగతి ఆవిడ మరిచేపోయింది. వెళ్లి చూసేసరికి ఆ పిల్ల తన సామాను తళతళలాడేలా కడుక్కుని, బ్యూరెట్ నింపుకుని, పిపెట్‌తో ఆమ్లం ఫ్లాస్కులోకి దింపి, రంగు చూపించే సూచిక చుక్కలు వేసి, మర మీద చెయ్యి వేసి ఉంది. అంతలో బెల్లు కొట్టారు. పై క్లాసువాళ్లు తలుపు దగ్గర తోసుకుంటున్నారు. కుళాయి మర మీదనించి చెయ్యి తీసేసింది. తన ఫ్లాస్కు వంచేసి, ఏమీ జరగనట్టు బల్లల మీద అందరి ఫ్లాస్కులూ ఏరుకోవడం మొదలుపెట్టింది.

గురువారం ల్యాబు పీరియడు లేదు. హెడ్మాస్టరు మాత్రం ఉన్నాడు.

"నిన్న పిల్లలకి తలో అంకె వచ్చిందటగా," అన్నాడు కాగితాలు సర్దుతూ.

"మొదటిసారి చేస్తే అలాగే వస్తుంది సార్."

"మొదటిసారి ఏంటమ్మా? రెండేళ్ల నించీ చేస్తున్నారు కదా."

టీచరు ఏం మాట్లాడినా తన గొంతుకే చుట్టుకుంటుంది.

"రేపటి దాకా ఆగు. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు నేర్పుకో. కొంప ముంచకు."

సాయంత్రం ఆవిడ కుళాయిని వరండాలో ఆపింది.

"రేపు సెక్రటరీ గారి ముందు నువ్వు చెయ్యి."

ఆ పిల్ల బ్యాగు పట్టీని రెండు చేతులతో పట్టుకుంది. "నేను వద్దు మేడమ్. బ్యూరెట్ బాగా చేస్తాడు."

"వాడు చేస్తాడని నాకు తెలుసు."

"ల్యాబు తీసేస్తారటగా. నావల్ల పోతే?"

ఇంత పెద్ద మాట ఆ పిల్ల నోట టీచరు ఎప్పుడూ వినలేదు. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "నీవల్ల ఏమీ పోదు, నేనున్నాగా," అంది. ధైర్యం చెప్పాననుకుంది.

శుక్రవారం సెక్రటరీ గారు చెప్పిన వేళకే వచ్చాడు. బట్టల వ్యాపారం ఆయనది. మర్యాదస్తుడు. ఏదీ ముట్టుకోకుండా, చొక్కా ఏ బల్లకీ తగలకుండా జాగ్రత్తగా నడిచి, మధ్య బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆ బల్ల దగ్గర సన్నటి కుర్రాడికి బదులు పొట్టి అమ్మాయి కనబడేసరికి హెడ్మాస్టరు ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం టీచరుని నమిలేశాయి. బ్యూరెట్ ఆ పిల్ల పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ అమ్మాయి చేస్తుందా?" అన్నాడు సెక్రటరీ.

"అందరూ చేస్తారు సార్. ముందు ఈ పిల్ల."

కుళాయి మర తిప్పింది. క్షారం సన్నటి ధారగా దిగింది. ధార పడ్డచోట గులాబీ రంగు ఒక మచ్చలా మెరిసి, ఫ్లాస్కు ఆడించగానే మాయమైంది. మళ్లీ మెరిసింది, మళ్లీ మాయమైంది. ఆ పిల్ల నోరు కొంచెం తెరుచుకుంది. తను కడిగి పారేసిన రంగు ఇలా వస్తూ పోతూ ఉంటుందని ఎన్నడూ చూడలేదు. తల అలా అలా వంచుతూ ఫ్లాస్కు మీదికి వాలింది. ల్యాబులో మనుషులున్నారన్న సంగతే మరిచిపోయింది. సెక్రటరీ కూడా ఒక అడుగు ముందుకేశాడు.

మచ్చ మాయం కావడానికి పట్టే సమయం పెరుగుతోంది. ఇక చుక్కలకి దించాలి. కుళాయి దించింది. చుక్క పడింది, రంగు నిలిచినట్టే నిలిచి కరిగింది. ఇంకోటి పడింది. ఈసారి ఫ్లాస్కు సగం దాకా పాకి, చాలాసేపుండి పోయింది. ఇక ఒక్క చుక్క. ఆ ఒక్క చుక్కా గాజు బ్యూరెట్ కొసన ఉబ్బుతోంది. దాని వెనక రెండోది కూడా వచ్చేస్తే అంతా ముదురు గులాబీ అయిపోతుంది, పని చెడుతుంది. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. చుక్క తెగింది.

టీచరు చెయ్యి ఆవిడని అడగలేదు. బల్ల మీదుగా వెళ్లి ఆ పిల్ల వేళ్ల మీద పడి, మర కట్టేసింది.

ఫ్లాస్కులో లేత గులాబీ నిలిచిపోయింది.

"అదిగో సార్," అన్నాడు హెడ్మాస్టరు.

రికార్డు ఆగలేక వంగి అంకె చదివింది. సరిగ్గా రావలసిన అంకె. పిల్లలు చప్పట్లు కొట్టారు. సెక్రటరీ కూడా కొట్టాడు, ఆయన ముఖం నిజంగానే వెలిగింది.

"బాగుందమ్మా. నేనింకా మీరు చేసి చూపిస్తారేమో అనుకున్నాను. పిల్లల చేతే చేయిస్తున్నారన్నమాట. ఉంచుదాం మాస్టారూ, ల్యాబు ఉంచుదాం. తెర సంగతి తర్వాత చూడొచ్చు."

కుళాయి మర మీదనించి చెయ్యి తీసి పక్కన పెట్టుకుంది. మర మీద ఇంకా ఉన్న టీచరు చేతినే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో, ఏడుపూ లేదు. తన వంతు అయిపోయిందని తెలిసినదానిలా ఫ్లాస్కు తీసుకుని సింకు వైపు నడిచింది.

మిగతా పిల్లలు తమ ప్రయోగాలు చేశారు. తలో అంకె వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. హెడ్మాస్టరు వెళుతూ వెళుతూ టీచరుకి చేతులు జోడించినంత పని చేశాడు. ఆవిడకి ఏమీ వినబడటం లేదు. సాయమే చేశాను కదా అని తనకి తనే చెప్పుకుంటోంది. ఆపకపోతే దాటిపోయేది. దాటిపోతే ల్యాబు పోయేది. ఎవరున్నా అదే చేసేవాళ్లు. చెప్పుకున్నకొద్దీ మాట చప్పబడిపోతోంది.

బెల్లు కొట్టాక బ్యూరెట్ కళ్లద్దాలు తిరిగిస్తూ ఆగాడు.

"మేడమ్, తను ఆపబోయింది."

"ఏంటీ?"

"వేలు తిరిగింది మేడమ్. మీ చెయ్యి పడకముందే. నేను పక్కనే ఉన్నాగా, చూశాను."

చేతుల సంగతి వాడికంటే ఎవరికి బాగా తెలుసు? టీచరు తల ఊపింది. వాడు వెళ్లిపోయాక అక్కడే స్టూలు మీద కూలబడింది. రెండేళ్లు తెలీక చేసింది ఒక ఎత్తు. ఇవాళ అన్నీ తెలిసి, తనే పిలిచి నిలబెట్టి, తనే లాక్కుంది.

సాయంత్రం బడి వదిలాక ల్యాబులో నీళ్ల చప్పుడు వినిపించింది. కుళాయి ఒక్కతే అందరి సామానూ కడుగుతోంది. టీచరుని చూసి నీళ్లు కట్టేసింది.

"ల్యాబు ఉంటుందటగా మేడమ్. బాగా వచ్చింది కదా."

"నువ్వు చెయ్యలేదమ్మా. నేను చేశాను. నీ చేతిలోంచి లాక్కున్నాను. తప్పయిపోయింది."

ఆ పిల్లకి ఎటు చూడాలో తెలీలేదు. పెద్దవాళ్లు అలా అంటే ఏమనాలో ఎవరూ నేర్పలేదు. చేతిలో ఉన్న ఫ్లాస్కుని అటూ ఇటూ తిప్పింది.

టీచరు చీర కొంగు బొడ్లో దోపి, ఆ ఫ్లాస్కు అందుకుంది. "ఇవి నేను కడుగుతాను. నువ్వెళ్లి చెయ్యి."

"మీరు చూడరా?"

"చూడను. ఇటు తిరిగే ఉంటాను. ఒలికితే మాత్రం పిలువు."

"తప్పొస్తే?"

"వస్తే వస్తుంది. సెక్రటరీ గారు ఇంటికెళ్లిపోయారు."

ఆ పిల్ల ముసిముసిగా నవ్వి, కళ్లద్దాలు పెట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది.

టీచరు గోడ వైపు తిరిగి కడగసాగింది. కడగడం అనుకున్నంత తేలిక కాదు. ఫ్లాస్కు మెడలోకి బ్రష్షు దూరదు, దూరితే రాదు. వెనక పిపెట్ బల్లకి తగిలిన చప్పుడైంది. ఎక్కువ పోసేస్తోందేమో. సూచిక వేసిందో లేదో. అడుగుదామని నోటి దాకా వచ్చింది, మింగేసింది. చేతులు ఖాళీగా ఉంటే ఆగవని కడిగిన ఫ్లాస్కునే మళ్లీ కడిగింది.

కాసేపటికి అడుగుల చప్పుడైంది. పక్కనించి ఒక ఫ్లాస్కు ముందుకొచ్చింది. ముదురు గులాబీ.

"దాటిపోయింది మేడమ్. ఆపుదామనుకునేసరికే దాటిపోయింది."

గొంతులో విసుగుంది. తన మీద తనకే విసుగు. రెండేళ్లలో ఆ పిల్ల గొంతులో అలాంటిది టీచరు వినలేదు. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పబోయి ఆగిపోయింది. ఫ్లాస్కు వంచేసి, ఉత్త నీళ్లతో తొలిచి, విదిల్చి ఇచ్చింది.

రెండోది కూడా వచ్చింది. అదీ దాటిందే, కానీ మొదటిదంత కాదు. ఈసారి ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. టీచరు కడిగేదాకా పక్కనే కాలు కాలిన పిల్లిలా తచ్చాడి, చేతిలోంచి దాదాపు లాక్కుని వెళ్లిపోయింది.

మూడోది రాలేదు.

టీచరు నీళ్లు కట్టేసింది. వెనక ఏ చప్పుడూ లేదు. మర తిరిగిన చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. మాటిచ్చింది కాబట్టి తడిచేతులు సింకు అంచు మీద ఆనించి, గోడకేసి చూస్తూ నిలబడింది.

"మేడమ్," అంది ఆ పిల్ల చాలాసేపటికి, చిన్నగా. "దీన్నిప్పుడే కడగొద్దు."

"అలాగేనమ్మా," అంది టీచరు, గోడ వైపే చూస్తూ.